ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత వర్తకుడి ఇల్లు చూడటం ఎలా? అటక మీద చర్చి ఉన్న మ్యూజియానికి వెళ్ళేవాళ్ళకి

వేసవి వచ్చిందంటే ఇక్కడున్న తెలుగువాళ్ళ ఇళ్ళకి ఊరి నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. తులిప్ తోటలు, గాలిమరలు, కాలువలో పడవ షికారు అయ్యాక అందరిదీ ఒకటే ప్రశ్న. "ఈ కాలువ పక్క సన్నటి ఇళ్ళలోకి వెళ్ళి చూడొచ్చా? ఏది చూడాలి? పెద్దవాళ్ళు మెట్లెక్కగలరా?" అడిగిన ప్రతివాళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఒక్క ఇంటికే సమయం ఉంటే "ఓన్స్ లీవ హేర్ ఓప్ సోల్డర్" మ్యూజియానికి వెళ్ళండి. అటక మీద మన ప్రభువు అని ఆ పేరుకి అర్థం. పదిహేడో శతాబ్దపు వర్తకుడి ఇల్లు గదులతో, వంటిళ్ళతో సహా నిలిచి ఉంది. పైన అటకలో ఏకంగా ఒక చర్చి ఉంది. చాలామంది ఆ చర్చి కోసం గబగబా పైకెక్కి, నాలుగు ఫోటోలు తీసుకుని దిగిపోతారు. అలా చూస్తే సగం కూడా చూసినట్టు కాదు. ఏ అంతస్తు దేనికి వాడారో తెలుసుకుంటూ కింది నుంచి నిదానంగా ఎక్కితేనే ఆ అటక విలువ తెలుస్తుంది.

తెలిసి ఉండాల్సిన కథ

1578లో ఆమ్‌స్టర్‌డామ్ పాలన ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చింది. క్యాథలిక్కుల చర్చిలు పోయాయి, బహిరంగంగా పూజ చేసుకునే హక్కూ పోయింది. జర్మనీలోని కోస్‌ఫెల్డ్ ప్రాంతం నుంచి వచ్చి, నార బట్టల వ్యాపారంలో బాగుపడ్డ యాన్ హార్ట్‌మన్ అనే క్యాథలిక్ వర్తకుడు 1661లో కాలువ ఒడ్డున ఒక ఇల్లు, దాని వెనకే ఉన్న మరో రెండు ఇళ్ళు కొన్నాడు. 1663 కల్లా ఆ మూడు ఇళ్ళ పై అంతస్తులు కలిపేసి చర్చి కట్టించాడు. సెంట్రల్ స్టేషన్ ఎదుట పెద్ద సెయింట్ నికోలస్ చర్చి 1887లో వచ్చేదాకా చుట్టుపక్కల క్యాథలిక్కులకి ఇదే చర్చి. 1888లో ఇది మ్యూజియం అయింది. ఆ ఊళ్ళో రైక్స్‌మ్యూజియం తర్వాత అన్నిటికంటే పాత మ్యూజియం ఇదే.

కావలసినవి

- టికెట్. మ్యూజియం వెబ్‌సైట్‌లో ముందే కొనుక్కుంటే నయం. నెదర్లాండ్స్‌లో ఉండేవాళ్ళకి మ్యూజియంకార్ట్ (మ్యూజియంలకి ఏడాది పాస్) ఉంటే వేరే టికెట్ అక్కర్లేదు. వారం రోజులకి వచ్చినవాళ్ళకి విడి టికెట్ చాలు.
- బ్యాంకు కార్డు. ఇక్కడ చాలాచోట్ల నగదు తీసుకోరు. ఇండియా కార్డు అయితే విదేశీ వాడకం ఆన్ చేసి ఉందో లేదో ముందే చూసుకోండి.
- అడుగు జారని, మడమ ఎత్తులేని బూట్లు.
- చేతులు ఖాళీగా ఉండేలా చిన్న సంచి. సూట్‌కేసుతో మాత్రం వద్దు.
- గంటన్నర నుంచి రెండు గంటల తీరిక సమయం.

చీర కట్టుకునే అమ్మలకి, అత్తమ్మలకి ఒక మాట. ఆ ఇంటి మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. ఆ ఒక్కరోజుకి పంజాబీ డ్రెస్ వేసుకోమని బతిమాలండి. ససేమిరా అంటే కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, పిన్నులు గట్టిగా పెట్టుకోమనండి. మెట్ల మీద కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడటం చాలా ప్రమాదం.

ఎలా చూడాలి

1. ముందు రోజు రాత్రే కథ చెప్పండి. టికెట్‌తో పాటే ఆడియో గైడ్ ఇస్తారు, బాగుంటుంది. కానీ అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు ధారాళంగా రాని పెద్దవాళ్ళు చెవికి పెట్టుకుని రెండు గదులు వింటారు, తర్వాత తీసి చేతిలో పట్టుకుంటారు. పైన రాసిన నాలుగు ముక్కలూ భోజనాల దగ్గర చెప్పేయండి. "మన ఇంటి పై అంతస్తులో ఎవరికీ కనపడకుండా గుడి కట్టుకోవాల్సి వస్తే ఎలా కడతాం?" అని పిల్లల్ని అడిగి వదిలేయండి. మర్నాడు లోపలికి వెళ్ళాక వాళ్ళే వెతుక్కుంటూ తిరుగుతారు.

2. పొద్దున పూట వెళ్ళండి, ఏ దారిన వెళ్తున్నారో తెలుసుకుని వెళ్ళండి. మ్యూజియం అవుదజైడ్స్ ఫోర్‌బుర్గ్‌వాల్ అనే కాలువ మీద ఉంది. సెంట్రల్ స్టేషన్ నుంచి పది నిమిషాల లోపు నడక. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఈ ఇల్లు రెడ్ లైట్ ప్రాంతం నడిబొడ్డున ఉంది. పొద్దున ఆ వీధులు ప్రశాంతంగా ఉంటాయి, ఎవరూ మీ జోలికి రారు. సాయంత్రమైతే జనం తోసుకుంటూ ఉంటారు, పెద్దవాళ్ళూ పిల్లలూ ఇబ్బంది పడతారు. ఏ వేళలో వెళ్ళినా అద్దాల కిటికీల వైపు ఫోన్ ఎత్తకండి. అక్కడ పనిచేసే ఆడవాళ్ళకి ఫోటో తీయడం అవమానం, పెద్ద గొడవ అవుతుంది. వీధి మొదట్లోనే ఫోన్లు జేబులో పెట్టించేయండి.

ఆదివారం తెరిచే వేళలు మిగతా రోజుల్లా ఉండవు. ఆదివారమే కుదిరితే వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి.

3. లోపలికి వెళ్ళే ముందు కాలువ అవతలి ఒడ్డున నిలబడండి. దీనికి ఐదు నిమిషాలు చాలు. కానీ దాదాపు అందరూ ఈ పని చేయకుండానే లోపలికి వెళ్ళిపోతారు. వరసగా ఉన్న ఇళ్ళని చూడండి. ముఖం సన్నం, లోపలికి పొడవు. చాలా ఇళ్ళ నెత్తిన ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి, చివర కొక్కెంతో కనిపిస్తుంది. దానికి గిలక కట్టి, తాడుతో సరుకు మూటల్ని పైకి లాగి అటక కిటికీలోంచి లోపలికి తీసుకునేవాళ్ళు. కింద నీటి చెమ్మ, పైన పొడి. అందుకే వర్తకుడి ఇంట్లో అటక అంటే గిడ్డంగి. కొన్ని ఇళ్ళు వీధి మీదికి కాస్త వంగినట్టు కనిపిస్తే కంగారు పడకండి. పైకి లాగే మూట గోడకి రాసుకోకుండా ముందుకి వాలేలా కట్టినవి ఉన్నాయి, నేల కుంగి ఒరిగినవీ ఉన్నాయి.

ఇప్పుడు మ్యూజియం ఇంటిని చూడండి. పక్క ఇళ్ళకీ దీనికీ తేడా ఏమీ కనిపించదు. చర్చి అని చెప్పే శిలువ గానీ గంట గానీ గోపురం గానీ లేవు. హార్ట్‌మన్‌కి కావలసిందీ అదే.

4. కొత్త భవనంలోంచి లోపలికి వెళ్ళండి. పాత ఇంటి తలుపు తట్టి లాభం లేదు. సందుకి అవతల 2015లో తెరిచిన కొత్త భవనంలో టికెట్లు, టాయిలెట్లు, సామాన్లు పెట్టుకునే చోటు ఉన్నాయి. అక్కణ్ణించి నేల కింద దారిలో పాత ఇంట్లోకి చేరతారు. టాయిలెట్ పని ఇక్కడే కానిచ్చేయండి. పైకెళ్ళాక మళ్ళీ దిగి రావడం పెద్దవాళ్ళకి శిక్ష. పిల్లల తోపుడుబండి ఇక్కడే వదిలేయాలి. చంటిబిడ్డని వీపున కట్టుకోకుండా ముందు వైపు కట్టుకోండి. లోపల తలుపులు ఇరుకు, కప్పు తక్కువ, వెనక ఉన్న బిడ్డ తలకి దెబ్బ తగిలినా మీకు తెలీదు. పాత నేల అరగకుండా బూట్ల మీద తొడుగులు ఇస్తే వేసుకోండి. అవి జారతాయి కాబట్టి చెక్క మెట్ల మీద ఇంకా జాగ్రత్త.

5. మెట్లు ఎక్కే పద్ధతి ముందే చెప్పండి. పాత ఇంట్లో లిఫ్ట్ లేదు. వీల్‌చైర్ పైకి వెళ్ళదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెల్లగా ఎక్కేస్తారు గానీ దిగేటప్పుడే కష్టపడతారు. ఎక్కేటప్పుడు పాదం మొత్తం మెట్టు మీద పట్టదు. ముందుకి వంగి, ఒక చేయి పట్టుకమ్మి మీద ఉంచి ఎక్కాలి. దిగేటప్పుడు పాదం అడ్డంగా పెట్టి పక్కకి తిరిగి దిగాలి. భయం వేస్తే నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగి దిగొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. వయసైనవాళ్ళు దిగేటప్పుడు మీరు వాళ్ళకంటే ఒక మెట్టు కింద ఉండండి. పైనుంచి చేయి పట్టుకుంటే ఇద్దరూ పడతారు. పైనుంచి ఎవరైనా దిగుతుంటే ఆగి దారివ్వండి.

అమ్మకి బొత్తిగా మెట్లు పడవనుకుంటే ఈ ఇల్లు వద్దు. చివర్లో చెప్పిన వాన్ లోన్ ఇంటికి తీసుకెళ్ళండి.

6. గదుల్లో ఆగండి. ఆడియో గైడ్ నంబర్ల వరసలోనే వెళ్ళండి. మధ్యలో చర్చి కోసం పైకి పరుగెత్తకండి. ముఖ్యంగా మూడు చోట్ల నిలబడి చూడాలి.

మొదటిది "సాల్" అనే పెద్ద హాలు. వ్యాపారానికి వచ్చిన పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తన స్తోమత చూపించుకున్న గది. గది మధ్యలో నిలబడి ఎడమా కుడీ పోల్చి చూడండి. ఒక పక్క ఉన్నది రెండో పక్క అద్దంలో పడినట్టు ఉంటుంది. నేల మీద చలువరాళ్ళ గీతలకీ కప్పు మీది చట్రాలకీ పొత్తు కుదిరేలా కట్టారు. పొయ్యిగూడు ఎంత ఎత్తో, ఎన్ని స్తంభాలో పిల్లల చేత లెక్క పెట్టించండి. మీదున్న కుటుంబ చిహ్నం చూపించండి. పరాయి దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషికి ఆ చిహ్నం ఎంత గొప్పో, వలస వెళ్ళి ఇల్లు కట్టుకున్న ఎవరికైనా అర్థమవుతుంది.

రెండోది గోడలో అమర్చిన మంచం. తలుపులున్న చెక్క అరలో పరుపు. పొట్టిగా ఉంటుంది. చలికి తలుపులు వేసుకుని పడుకునేవాళ్ళు. తర్వాతి కాలంలో చర్చి సహాయ గురువు (ఫాదరు) ఉన్న చిన్న గదిలో అలాంటిది చూడొచ్చు. ఇందాకటి సాల్ ఆర్భాటం చూసి ఈ ఇరుకు గది చూస్తే ఈ ఇంట్లో ఎవరికి ఎంత చోటు దక్కిందో మాటలక్కర్లేకుండా తెలుస్తుంది.

మూడోది వంటిల్లు. గోడలకి డెల్ఫ్ట్ పింగాణీ పలకలు, నేల మీద నలుపు తెలుపు రాళ్ళు. మా ఇంటికి వచ్చిన అమ్మలందరూ ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే. పలకల్ని దగ్గరగా చూడండి, ముట్టుకోకండి. చేత్తో గీసిన బొమ్మలు కాబట్టి ఏ రెండు పలకలూ అచ్చంగా ఒకేలా ఉండవు.

7. చర్చిలోకి వెళ్ళాక పది నిమిషాలు కూర్చోండి. ఇరుకు మెట్లెక్కి తల ఎత్తేసరికి ఒక్కసారిగా ఎత్తూ వెలుతురూ కనిపిస్తాయి. నూటయాభై మంది దాకా పట్టే చోటు. పూజ జరుగుతుంటే తప్ప బల్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ చూడండి.

- పైకి చూడండి. అంతస్తుల నేలల్ని మధ్యలో కోసేసి ఖాళీ చేశారు. మిగిలిన అంచులే రెండు వరసల గ్యాలరీలు. వాటిని ఇనుప కడ్డీలతో పై దూలాలకి వేలాడదీశారు. ఆ కడ్డీలు వెతికి పట్టుకోండి.
- బలిపీఠం స్తంభాలు చలువరాయి అనిపిస్తాయి. చెక్క మీద రంగుతో వేసిన రాతి చారలవి. ఈ ఎత్తుకి రాయి మోయించడం ఈ ఇంటి వల్ల కాదు.
- బలిపీఠం మీది పెద్ద చిత్రం యాకబ్ డె విట్ గీసిన క్రీస్తు బాప్తిస్మం.
- బలిపీఠం ఎడమ పక్క స్తంభం అడుగు భాగం చూడండి. ప్రసంగ వేదిక మడతపెట్టి అందులో దాచే ఏర్పాటు ఉంది. ప్రసంగం వేళకి బయటికి లాగి, అయ్యాక లోపలికి తోసేవాళ్ళు. చోటు ఆదా చేయడానికి ఇంత చక్కటి పనితనం మరో చోట కనపడదు.
- వెనక వైపు ఆర్గన్ అనే పెద్ద వాద్యం 1794 నాటిది. ఈ చిన్న చోటుకి సరిపోయేలా చేయించారు.

గుణదల, ఫిరంగిపురం వైపు క్యాథలిక్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ మోకరించి ప్రార్థన చేసుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఇక్కడ పూజలు జరుగుతాయి. మిగతావాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడితే చాలు. ఫోటోలకి ఫ్లాష్ వద్దు.

8. దిగేటప్పుడు పాపసంకీర్తన గది, అంటే ఫాదరుకి పాపాలు చెప్పుకునే గది, వదిలేయకండి. ఇంటివాళ్ళ గదిని తర్వాతి కాలంలో చర్చి పనికి మార్చారు. కాపురం ఉండే ఇల్లు ఒక్కో గది చొప్పున చర్చికి ఎలా వెళ్ళిపోయిందో ఇక్కడ చూస్తారు.

9. బయటికి వచ్చి పక్క సందులోకి వెళ్ళండి. సన్నటి సందు, ఇంటి పక్కగోడ పొడవునా ఉంటుంది. చర్చికి వచ్చే జనం కాలువ వైపు ముఖద్వారం నుంచి రాకుండా ఈ సందు వైపు తలుపులోంచి లోపలికి వచ్చేవాళ్ళు. ఇక్కణ్ణించి తలెత్తి చూస్తేనే మూడు ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి ఎంత పొడవున్నాయో తెలుస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

దీన్ని ఎవరికీ తెలియని రహస్య చర్చి అనుకోవడం అన్నిటికంటే పెద్దది. పిల్లలకి కథ చెప్పేటప్పుడు అలా చెబితే రసవత్తరంగా ఉంటుంది, కానీ నిజం కాదు. నగర అధికారులకి తెలుసు. ప్రతి ఆదివారం అంతమంది సందులోకి వచ్చిపోతుంటే ఇరుగుపొరుగుకి తెలియకుండా ఎలా ఉంటుంది? వీధిలోకి కనపడకూడదు, వినపడకూడదు అన్నదే షరతు. కనపడనంతవరకు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. దాన్ని సహనం అని గొప్పగా చెప్పేవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు, ఇంటి యజమాని సొంత డబ్బుతో అటకలో దాక్కుని పూజ చేసుకోవాల్సి రావడం గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. మీరూ చూసి మీ అభిప్రాయం ఏర్పరచుకోండి.

రెండోది, ఆన్ ఫ్రాంక్ ఇల్లూ ఇదీ ఒకటే అనుకోవడం. "దాక్కున్న ఇల్లు" అని గూగుల్‌లో వెతికి తప్పు చోటికి వెళ్ళేవాళ్ళున్నారు. అది ప్రిన్సన్‌గ్రాఖ్ట్ అనే కాలువ మీద ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో యూదుల అమ్మాయి ఆన్ దాక్కున్న కథ. దానికి టికెట్లు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. ఆరు వారాల తర్వాతి తేదీలకి ప్రతి మంగళవారం విడుదల చేస్తారు, ఇట్టే అయిపోతాయి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. మెట్లకి కాళ్ళు, బరువుకి మనసు అలిసిపోతాయి.

మూడోది, విమానం దిగి నేరుగా సామానుతో రావడం. సెంట్రల్ స్టేషన్‌లో లాకర్లున్నాయి, అక్కడ పెట్టేసి రండి.

సరిగ్గా చూశారో లేదో తేల్చుకోవడం

మళ్ళీ కాలువ అవతలి ఒడ్డుకి వెళ్ళండి. మొదట చూసిన అదే ఇంటిని చూస్తూ ఒకరినొకరు అడగండి. సాల్ ఏ ఎత్తులో ఉంది? చర్చి ఎక్కడ మొదలవుతుంది? ప్రసంగ వేదిక ఎక్కడ దాచారు? గ్యాలరీలు కింద పడకుండా ఏది పట్టుకుంది? సందు తలుపు ఎందుకు? వేలు పెట్టి చూపించగలిగితే బాగా చూసినట్టే. గదులన్నీ కలగాపులగం అయిపోయి ఎక్కడేముందో తేలకపోతే హడావుడిగా ఎక్కారన్నమాట. టికెట్ చూపించి మళ్ళీ లోపలికి పంపుతారేమో కౌంటర్‌లో అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

మెట్లు పడనివాళ్ళకి: వాన్ లోన్ ఇల్లు

కైజర్స్‌గ్రాఖ్ట్ అనే కాలువ మీద 672 నంబరు ఇల్లు. 1672లో ఆడ్రియాన్ డోర్ట్స్‌మన్ కట్టిన జంట ఇళ్ళలో ఒకటి. రెంబ్రాంట్ శిష్యుడు, చిత్రకారుడు ఫెర్డినాండ్ బోల్ ఇందులో మొదట అద్దెకున్నాడు. ఇక్కడా మెట్లున్నాయి, కానీ వెడల్పుగా, సావకాశంగా ఉంటాయి. మెట్ల పక్క ఇత్తడి కటకటాల తీగల్లో వాన్ లోన్ కుటుంబానికి ముందున్న యజమానులు వాన్ హాగన్, ట్రిప్ కుటుంబాల పేర్లు అల్లి ఉన్నాయి. తీరిగ్గా వెతికితే అక్షరాలు దొరుకుతాయి. వెనక తోట, దాని చివర గుడి ముఖంలా కనిపించే బగ్గీల షెడ్డు ఉన్నాయి. పైకి ఎక్కలేనివాళ్ళు ఆ తోటలో కూర్చోవచ్చు.

ఈ ఇంట్లో మనవాళ్ళు పట్టించుకోవాల్సింది ఇంకోటుంది. వాన్ లోన్ వంశంలో పూర్వీకుడు విల్లెం వాన్ లోన్ 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ స్థాపకుల్లో ఒకడు. నాలుగేళ్ళకే, 1606లో, ఆ కంపెనీ గోల్కొండ సుల్తానుతో ఒప్పందం చేసుకుని మచిలీపట్నంలో కోఠీ (వర్తక స్థావరం) పెట్టింది. నిజాంపట్నంలో, పాలకొల్లులో, భీమునిపట్నంలో వాళ్ళ వ్యాపారం నడిచింది. కృష్ణా తీరపు చిరివేరుతో ఎర్ర రంగు అద్దిన నూలు బట్టలు ఓడలెక్కి ఈ కాలువల ఒడ్డుకే వచ్చాయి. కరువు రోజుల్లో అదే కోరమండల్ తీరం (మన తూర్పు తీరం) నుంచి మనుషుల్ని కూడా బానిసలుగా కొని బటావియాకి (ఇప్పటి జకార్తాకి) తరలించారు. గదుల్లో పట్టుతెరలు, వెండి సామాను చూస్తున్నప్పుడు పిల్లలకి ఈ రెండు సంగతులూ చెప్పండి.

ఇంకా ఓపిక ఉంటే, అటక చర్చి నుంచి కొద్ది నిమిషాల నడకలో అవుద హోఖ్‌స్ట్రాట్ వీధిలో ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది. ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాడుకుంటోంది. కంపెనీని నడిపిన పదిహేడుగురు పెద్దలు సమావేశమైన చోటు ఇది. టికెట్ లేదు, పెద్ద తలుపులోంచి ముంగిట్లోకి వెళ్ళి నిలబడొచ్చు. తరగతులు జరుగుతుంటాయి కాబట్టి నిశ్శబ్దంగా ఉండండి. పనిదినాల్లో వెళ్తేనే తలుపు తెరిచి ఉంటుంది.